ఫేస్‌బుక్ ఖాతా తీసేయాలా, ఉంచుకోవాలా?

ప్రశ్న: నేను తెనాలిలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయురాలిని. 2012లో మా అబ్బాయి అమెరికా వెళ్తూ నాకు ఫేస్‌బుక్ ఖాతా తెరిచి ఇచ్చాడు. పోయిన నెలలో ఎవరో నా పేరుతో, నా ఫొటోతో ఇంకొక ఖాతా తెరిచి, ఆసుపత్రి ఖర్చులకు డబ్బు కావాలని నా పాత విద్యార్థులకు సందేశాలు పంపారు. ఒక విద్యార్థి ఎనిమిది వేల రూపాయలు పంపి, నా ఆరోగ్యం ఎలా ఉందో కనుక్కుందామని ఫోను చేస్తే గాని నాకు సంగతి తెలియలేదు. ఇంకా ఆ దొంగ ఖాతా అలాగే ఉంది. పిల్లలిద్దరూ నా ఖాతాను వెంటనే తీసేయమంటున్నారు. కాని నాలుగేళ్ల క్రితం కాలం చేసిన మావారితో కలిసి దిగిన ఫొటోలు చాలావరకు అందులోనే ఉన్నాయి. ఆయన ఖాతా కూడా అలాగే ఉండిపోయింది. ఏటా ఆయన పుట్టినరోజుకు శుభాకాంక్షలు చెప్పమని నా ఫోనుకు గుర్తుచేసే సందేశం వస్తుంటే మనసు చివుక్కుమంటుంది. ఖాతా తీసేస్తే ఫొటోలు పోతాయా? వాట్సాప్ కూడా పోతుందా? నన్నేం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, మీ పిల్లల భయం న్యాయమైనదే గాని, వారు చెబుతున్న మందు ఈ జబ్బుకు పనిచేయదు. మీ పేరుతో మోసం చేస్తున్నవాడు మీ ఖాతాలోకి చొరబడలేదు. అందరికీ కనిపిస్తున్న మీ ఫొటోను, మీ మిత్రుల జాబితాను చూసి, వాటి ఆధారంగా వేరే ఖాతా తెరిచాడు. మీ ఖాతాను మీరు తీసేసినా వాడి ఖాతా వాడిదిగానే ఉంటుంది. పైగా అసలు ఖాతా కనిపించకుండా పోతే మీ విద్యార్థులకు నకిలీదే నిజమైనదిగా తోచే ప్రమాదం ఉంది, వారిని ఒక్కమాటుగా హెచ్చరించడానికి మీకున్న చోటు కూడా పోతుంది. కాబట్టి ముందు దొంగ ఖాతా సంగతి చూడండి. మీ ఖాతా సంగతి తరువాత తీరికగా ఆలోచించవచ్చు.

ఆ దొంగ ఖాతా కనిపించే పేజీని, విద్యార్థులకు వచ్చిన సందేశాలను స్క్రీన్‌షాట్లు తీసి, ఆ పేజీ లింకును కూడా రాసిపెట్టుకోండి. ఖాతా మాయమైన తరువాత సాక్ష్యం దొరకదు. ఆ తరువాత ఆ పేజీలో పేరు దగ్గర కనిపించే మూడు చుక్కలను నొక్కి, ఇది నన్ను అనుకరిస్తున్న ఖాతా అని రిపోర్ట్ చేయండి. మీ విద్యార్థులు కూడా, తమకు తెలిసిన వ్యక్తిని అనుకరిస్తున్నారని అదే పద్ధతిలో రిపోర్ట్ చేయవచ్చు. 2021లో మన దేశంలో వచ్చిన ఐటీ (సమాచార సాంకేతిక) నియమాల ప్రకారం ఫేస్‌బుక్ వంటి పెద్ద సంస్థలకు ఇక్కడే నివసించే ఫిర్యాదుల అధికారి ఉండి తీరాలి. ఒకరిలా నటించే ఖాతాపై ఆ వ్యక్తి స్వయంగా ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో చర్య తీసుకోవాలన్న గడువుతోనే ఆ నియమాలు వచ్చాయి. డబ్బు పోగొట్టుకున్న విద్యార్థి మాత్రం సైబర్ మోసాల ఫిర్యాదులకున్న 1930 నంబరుకు ఫోను చేసి, చెల్లింపు వివరాలన్నీ చెప్పి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయాలి. ఇటువంటి మోసాలలో డబ్బు ఇంకా ఖాతాల్లో ఉండగానే ఫిర్యాదు అందితే దానిని నిలిపివేయించే అవకాశం ఉంటుంది; నెల గడిచింది కదా అని ఊరుకోవడం మాత్రం మంచిది కాదు. కంప్యూటరు సాధనాలతో మరొకరిలా నటించి మోసగించడం ఐటీ చట్టం 66డి సెక్షను కింద మూడేళ్ల వరకు జైలుశిక్ష పడే నేరం.

మళ్లీ ఇలా జరగకుండా రెండు పనులు చేయించండి. మీ మిత్రుల జాబితాను మీకు తప్ప ఎవరికీ కనిపించకుండా సెట్టింగుల్లో మార్చండి, ఎందుకంటే ఎవరిని డబ్బు అడగాలో మోసగాడికి చెప్పేది ఆ జాబితాయే. రెండవది, ప్రొఫైల్‌కు తాళం వేయండి. 2020 మే నెలలో భారతదేశంలో ప్రవేశపెట్టిన ఈ సదుపాయం వల్ల, మిత్రులు కానివారికి మీ ఫొటోలు, పోస్టులు కనిపించవు. మీ ప్రొఫైల్ ఫొటోను పెద్దది చేసి చూడడానికి, దించుకోవడానికి కూడా వీలుండదు.

ఇక తీసేయడం గురించి. ఫోనులోంచి ఫేస్‌బుక్ యాప్‌ను తీసేస్తే ఖాతా పోయిందని చాలామంది పొరబడుతుంటారు. పోయేది యాప్ మాత్రమే. ఖాతా విషయంలో నిజంగా ఉన్న దారులు రెండు. డీయాక్టివేట్ చేస్తే మీ పేజీ ఎవరికీ కనిపించదు గాని, ఫొటోలన్నీ లోపల భద్రంగా ఉంటాయి, మీరు మళ్లీ లాగిన్ అయిననాడు ఖాతా యథాతథంగా తిరిగి వస్తుంది, ఫేస్‌బుక్ సందేశాల యాప్ అయిన మెసెంజర్ వాడుకోవడానికి కూడా అడ్డుండదు. డిలీట్ చేస్తే 30 రోజుల గడువు మొదలవుతుంది. ఆ లోపల లాగిన్ అయి వద్దనుకోవచ్చు; ఆ గడువు దాటితే తిరిగి తెచ్చుకునే మార్గం లేదు. ఫేస్‌బుక్ సంస్థ కంప్యూటర్లలోంచి అన్నీ చెరిగిపోవడానికి 90 రోజుల వరకు పట్టవచ్చు. అయినా మీరు ఇతరులకు పంపిన సందేశాలు వారి దగ్గర అలాగే ఉంటాయి, ఇతరులు తమ ఖాతాల్లో పెట్టిన మీ ఫొటోలు కూడా పోవు. ఈ రెండు దారులూ సెట్టింగుల్లోని అకౌంట్స్ సెంటర్‌లో, పర్సనల్ డీటైల్స్ కింద, ఖాతా యాజమాన్యానికి సంబంధించిన భాగంలో కనిపిస్తాయి.

వాట్సాప్ గురించి మీకు బెంగ అవసరం లేదు. రెండూ ఒకే సంస్థవైనా, మీ వాట్సాప్ మీ ఫోను నంబరు మీద నడిచే వేరే ఖాతా. అయితే ఇన్‌స్టాగ్రామ్‌లోకో, మరే యాప్‌లోకో ఫేస్‌బుక్ ద్వారా లాగిన్ అవుతుంటే వాటికి ముందే వేరే పాస్‌వర్డ్ పెట్టుకోవాలి.

ఫొటోల విషయంలో మాత్రం కొంచెం ఎక్కువ చెబుతాను. 2014 సెప్టెంబరు 30న, ఫేస్‌బుక్ లాంటిదే అయిన ఆర్కుట్ మూతపడినప్పుడు, ఆల్బములను దించుకోవడానికి మరో రెండేళ్లు గడువు ఇచ్చినా, రేపు చూద్దాంలే అనుకుని కాలేజీ రోజుల ఫొటోలు పోగొట్టుకున్నవారు మన మధ్య ఉన్నారు. అందుచేత ఏ నిర్ణయానికి వచ్చినా మీ సమాచారమంతా ముందుగా దించి దాచుకోండి. అదే అకౌంట్స్ సెంటర్‌లో ఇందుకు సదుపాయం ఉంది. అందులో తేదీల పరిధిని మొదటి నుంచి ఇప్పటివరకు అని, ఫొటోల నాణ్యతను హై అని, ఫైలు రూపాన్ని హెచ్‌టీఎంఎల్ అని ఎంచుకోండి. అక్కడే కనిపించే జేసన్ అనే మరో రూపంలో తీసుకుంటే సాధారణ పాఠకులకు చదవడం కష్టం. ఫైలు సిద్ధమయ్యేసరికి కొంత సమయం పడుతుంది, సిద్ధమయ్యాక కొద్ది రోజులే అందుబాటులో ఉంటుంది గనుక కబురు రాగానే దించుకోవాలి. దించుకున్నది ఒక పెన్‌డ్రైవ్‌లో ఒక ప్రతి, మీ అమ్మాయి దగ్గరో అబ్బాయి దగ్గరో మరొక ప్రతి ఉంచి, తెరిచి చూసి ఫొటోలు సరిగ్గా ఉన్నాయని రూఢి చేసుకోండి. మీవారు తన ఖాతాలో పెట్టిన ఫొటోలు ఇందులో రావు. అవి ఆయన పేజీలో మీకు కనిపిస్తున్నంతవరకు ఒక్కొక్కటిగా దాచుకోవలసిందే.

నా సలహా ఇది. దొంగ ఖాతా తొలగిపోయేవరకు మీ ఖాతాను ఉంచండి. తరువాత కూడా దాన్ని తెరిస్తే ఆందోళనగానే ఉంటే, రెండు మూడు నెలలు డీయాక్టివేట్ చేసి చూడండి. ముప్ఫై ఏళ్ల పాటు చదువు చెప్పిన పిల్లలు మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చే చోటు అది. ఎవరో దొంగ చేసిన పనికి ఆ తలుపు మీరు మూసుకోవలసిన అవసరం నాకు కనిపించడం లేదు. ఆ నెలల్లో అది లేని లోటు మీకు తెలియకపోతే, అప్పుడు నిశ్చింతగా డిలీట్ చేయవచ్చు.

మీవారి ఖాతాకు దారి వేరు. మరణించినవారి ఖాతాను స్మారక ఖాతాగా మార్చమని కుటుంబసభ్యులు మరణ ధ్రువీకరణ పత్రం జతచేసి ఫేస్‌బుక్‌ను కోరవచ్చు. అలా మార్చాక ఆయన పేరు పక్కన స్మరణను సూచించే మాట చేరుతుంది, ఎవరూ ఆ ఖాతాలోకి లాగిన్ కాలేరు, పుట్టినరోజును గుర్తుచేసే సందేశాలు రావడం ఆగిపోతుంది. ఆయన పెట్టిన ఫొటోలు, రాసిన మాటలు మాత్రం ఇదివరకు ఎవరికి కనిపించేవో వారికి కనిపిస్తూనే ఉంటాయి. పూర్తిగా తీసేయమని కోరే హక్కు కూడా దగ్గరి కుటుంబసభ్యులకు ఉంది. కాని మీ ఉత్తరం చదివాక, మీరు కోరుకుంటున్నది ఆ సందేశాలు ఆగడమే గాని, ఆయన పేజీ లేకుండా పోవడం కాదని నాకు అనిపించింది. ఆ దరఖాస్తు పంపే ముందు పిల్లలిద్దరితో ఒకసారి మాట్లాడండి; నాన్నగారి పేజీని వారు కూడా తెరిచి చూసుకుంటూ ఉండవచ్చు.