రీబూట్ చేయగానే పాత సెట్టింగే వస్తోంది

ప్రశ్న: మేం పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాం. ఫుటేజ్ అంతా 64 జీబీ ర్యామ్ ఉన్న ఉబుంటు సర్వర్‌లో, ఒకే పెద్ద హార్డ్ డిస్క్‌లో ఉంటుంది. రీడ్ అహెడ్ (ఫైలును ముందుగానే చదివి మెమరీలో పెట్టుకునే మొత్తం) 128 కేబీ నుంచి 4096కి పెంచితే టైమ్‌లైన్ ఆగకుండా నడుస్తోంది. కరెంటు పోయి వస్తే మళ్లీ 128. పర్మనెంట్ చేసుకోవచ్చా? అదంతా కెర్నలే (ఉబుంటుకు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) చూసుకుంటుంది, వేలు పెట్టొద్దంటాడు మా ఎడిటర్. డర్టీ రేషియో కూడా 20 శాతం నుంచి 60కి పెంచుదామనుకుంటున్నాను.
– ఒక పాఠకుడు, అమీర్‌పేట, హైదరాబాద్

జవాబు: రీడ్ అహెడ్ పర్మనెంట్ చేసుకోండి. మీ ఎడిటర్ మాటలోనూ నిజముంది. ఫైలును వరుసగా చదువుతున్నారని పసిగడితే, ముందుగా చదివి పెట్టుకునే మొత్తాన్ని కెర్నల్ తనే పెంచుకుంటూ పోతుంది. కానీ ఎక్కడిదాకా పెంచాలన్న హద్దును అది దాటదు. ఆ హద్దే మీ 128. హార్డ్ డిస్క్‌ మీద పెద్ద వీడియో ఫైళ్లకు అది చాలదు.

మీరు మార్చిన అంకె మెమరీలోనే ఉంటుంది, అందుకే పోతోంది. యూడెవ్‌కు (డిస్కుల్లాంటి పరికరాలను గుర్తించి సెట్ చేసే భాగం) ఒక రూల్ రాస్తే, బూట్ అయ్యేటప్పుడు డిస్క్ కనబడగానే అదే మళ్లీ పెడుతుంది. రూల్‌లో ఎస్‌డీబీ లాంటి డిస్క్ పేరు రాయకండి, రేపు ఇంకో డిస్క్ తగిలిస్తే ఆ పేరు దానికి పోవచ్చు. డిస్క్ సీరియల్ నంబరు రాయండి. సిస్టమ్ సెట్టింగులను తనంతట తానే మార్చే ట్యూన్‌డ్ సర్వీసు నడుస్తోందేమో కూడా చూడండి. దాని త్రూపుట్ పర్ఫార్మెన్స్ ప్రొఫైల్ రీడ్ అహెడ్‌ను మారుస్తుంది, చివర ఎవరు రాస్తే వాళ్ల అంకే మిగులుతుంది. రెండిట్లో ఒకటే ఉంచి, రీబూట్ చేసి, అంకె చదివి చూసుకోండి.

డర్టీ రేషియో మాత్రం దయచేసి ముట్టుకోకండి. కెర్నల్ సెట్టింగులు రాసిపెట్టే సిస్‌సీటీఎల్ ఫైల్లో రాస్తే అదీ నిలుస్తుంది, నాకు భయం అక్కడే. డిస్క్‌కు చేరకుండా మెమరీలో ఆగగలిగే డేటాకు అది హద్దు. మీ మెషీన్‌లో 60 శాతమంటే 30 జీబీకి పైమాటే. కెమెరా కార్డు నుంచి డేటా డిస్క్ రాయగలిగేదానికంటే వేగంగా వస్తే, బకాయి అంతా ర్యామ్‌లో పేరుకుంటుంది. తెర మీద కాపీ పూర్తయిందని వస్తుంది. మీ వాళ్లు కార్డు ఫార్మాట్ చేస్తారు. అప్పుడే కరెంటు పోతే? తాళి కట్టే ఘట్టం మళ్లీ తీయలేం కదండీ.

యూపీఎస్ లేకపోతే ముందు అది కొనండి. 20 శాతం ఉన్నా సరే, కార్డు ఫార్మాట్ చేసేముందు సర్వర్‌లో సింక్ కమాండ్ (మెమరీలో ఆగిన డేటాను డిస్క్‌కు రాయించేది) ఇచ్చి, ప్రాంప్ట్ తిరిగి వచ్చేదాకా ఆగమని మీ కుర్రాళ్లకు చెప్పండి.