జీతం 44 వేల డాలర్లు, గడువు 12 నెలలు

ప్రశ్న: మా అమ్మాయి టెన్నిస్ స్కాలర్‌షిప్ మీద 2021 ఆగస్టులో అమెరికా వెళ్లి డిగ్రీ చేసింది. ఆ వెంటనే అక్కడే స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్‌లో ఏడాది మాస్టర్స్‌లో చేరింది. అది 2026 మేలో అయిపోతుంది. మాస్టర్స్‌కు మాత్రం 24 లక్షలు విద్యారుణం తీసుకున్నాం, వడ్డీ 10.5 శాతం, నేను సహ రుణగ్రహీతని. ఇప్పుడు టెనెసీ రాష్ట్రంలో ఒక ప్రైవేటు యూనివర్సిటీ మహిళల టెన్నిస్ జట్టుకు అసిస్టెంట్ కోచ్‌గా రమ్మంటున్నారు. జీతం ఏడాదికి 44 వేల డాలర్లు. మా తోడికోడలి కొడుక్కి సాఫ్ట్‌వేర్‌లో ఇంతకు రెండింతలు పైనే వస్తోంది. ‘ఇంత ఖర్చుపెట్టి చదివించింది కోచ్ పనికా’ అని చుట్టాలంటున్నారు. ఆమె దీన్ని ఒప్పుకోవచ్చా? మాకున్న 200 గజాల స్థలం అమ్మి అప్పు తీర్చేయమంటారా? నేను ప్రభుత్వ టీచర్ని, ఇంకా ఐదేళ్ల సర్వీసుంది. అమ్మాయి పేరు మీద చిన్నప్పటి నుంచి సిప్‌లు కడుతున్నాను. – ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, ఉద్యోగం ఒప్పుకోమనండి. స్థలం అమ్మకండి. సిప్‌లు మాత్రం ఈ నెలతో ఆపేయండి. ఎందుకో ఒక్కొక్కటే చెబుతాను.

మీ లెక్కంతా జీతం చుట్టూ తిరుగుతోంది. ఈ ఉద్యోగంలో అసలు ఇబ్బంది జీతం తక్కువ కావడం కాదు, అది ఎన్నాళ్లుంటుందో తెలియకపోవడం. మీ అమ్మాయికి మాస్టర్స్ తర్వాత ఓపీటీ కింద, అంటే చదువయ్యాక విద్యార్థి వీసా మీదే ఉద్యోగం చేసుకునే అనుమతి కింద, పనిచేయడానికి 12 నెలలే ఉంటాయి. తోడికోడలి కొడుకు ఇంజినీరింగ్ చదివాడు కాబట్టి అతనికి ఇంకో 24 నెలలు కలిశాయి. స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్‌కు ఆ పొడిగింపు లేదు. మంచి విషయం ఏమిటంటే, చదివిన చదువుకు, చేసే పనికి సంబంధం ఉండాలన్న ఓపీటీ నిబంధన ఆమె విషయంలో ఇట్టే సరిపోతుంది. అదే కంప్యూటర్ సైన్స్ చదివి కోచ్‌గా చేరతానంటే తంటా వచ్చేది.

ఏడాది తర్వాత ఉండాలంటే హెచ్‌1బి అనే ఉద్యోగ వీసా కావాలి. కంపెనీల హెచ్‌1బిలకు ఉండే లాటరీ యూనివర్సిటీ ఉద్యోగానికి లేదు, ఏడాదిలో ఎప్పుడైనా దరఖాస్తు పెట్టొచ్చు. సాఫ్ట్‌వేర్ పిల్లలు ఏటా మార్చిలో పడే టెన్షన్ మీకుండదు. కానీ ఇందులో మూడు మెలికలున్నాయి. కోచ్ ఉద్యోగానికి ఫలానా సబ్జెక్టులో డిగ్రీ తప్పనిసరి అని యూనివర్సిటీ నిరూపించాలి, ఇది తేలిక కాదు. జీతం ఆ ప్రాంతంలో ఆ పనికి అక్కడి కార్మిక శాఖ చెప్పే స్థాయికి తగ్గకూడదు. చాలా చోట్ల అసిస్టెంట్ కోచ్‌ల దరఖాస్తులు అసలు కదలకపోవడానికి ఇదీ ఒక కారణం. మూడోది, లాటరీ వాళ్లకు ఓపీటీ అయిపోయాక కూడా కొన్ని నెలలు పని కొనసాగించే వెసులుబాటు ఉంటుంది, లాటరీ లేనివాళ్లకు లేదు. ఓపీటీ ముగిసేలోపు ఆమోదం చేతికి రావాలి. అంటే యూనివర్సిటీ లాయరు 2026 చివరికల్లా పని మొదలుపెట్టాలి.

2025 సెప్టెంబరులో వచ్చిన లక్ష డాలర్ల ఫీజు గురించి మీరూ విని ఉంటారు. అమెరికాలోనే ఉండి ఎఫ్‌1 అనే విద్యార్థి వీసా నుంచి హెచ్‌1బికి మారేవాళ్లకు అది వర్తించదని ఆ దేశపు వలస శాఖ అదే ఏడాది అక్టోబరులో చెప్పింది. కాబట్టి ఆ దరఖాస్తు నడుస్తున్న రోజుల్లో పెళ్లిళ్లనీ పండగలనీ అమ్మాయిని ఇంటికి పిలవకండి.

ఇప్పుడు చేతికెంత వస్తుందో చూద్దాం. చుట్టాలబ్బాయి లెక్క మీకిక్కడ పనికిరాదు. విద్యార్థి వీసా మీద వెళ్లినవాళ్లకు మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు సోషల్ సెక్యూరిటీ (పెన్షన్), మెడికేర్ (వృద్ధుల ఆరోగ్య బీమా) పన్ను పడదు. రెండేళ్ల మాస్టర్స్‌కు వెళ్లినవాళ్లకు ఓపీటీలో కూడా ఆ మినహాయింపు నడుస్తూనే ఉంటుంది. మీ అమ్మాయి 2021లో వెళ్లింది, ఆగస్టులో వెళ్లినా ఆ ఏడాదిని పూర్తి సంవత్సరంగానే లెక్కేస్తారు. ఐదేళ్లూ 2025తో అయిపోయాయి. కాబట్టి మొదటి జీతం నుంచే 7.65 శాతం కోత పడుతుంది. రెండు దేశాల్లో కట్టింది కలిపి లెక్కేసే ఒప్పందం భారత్‌కు అమెరికాతో లేదు. పెన్షన్ హక్కు రావాలంటే అక్కడ సుమారు పదేళ్లు పనిచేయాలి. ముందే తిరిగొస్తే ఆ డబ్బు పోయినట్టే అనుకోండి.

పూర్తి ఏడాదికి 2026 శ్లాబుల ప్రకారం ఆదాయపు పన్ను దాదాపు 3,100 డాలర్లు, పైన చెప్పిన కోత 3,366. టెనెసీలో జీతం మీద రాష్ట్ర పన్ను లేదు, అది కలిసొచ్చింది. ఇంకా 403-బి అనే రిటైర్మెంట్ ఖాతా ఉంటుంది, మన పీఎఫ్ లాంటిదే. ఆమె ఎంత వేస్తే యూనివర్సిటీ ఎంత వేస్తుందో ఆఫర్‌లో చూడమనండి. 5 శాతానికి 5 శాతం అనుకుని, ఆరోగ్య బీమాకు నెలకు 150 తీసేస్తే, చేతికి 2,800 డాలర్ల చొప్పున వస్తుంది. గది ఇంకొకరితో పంచుకుని, పాత కారుతో సర్దుకుంటే నెలకు 1,900లో బతకొచ్చు. మిగిలేది 900.

అప్పు పదేళ్లకు వేసుకుంటే ఈఎంఐ 32,400 రూపాయల దాకా అవుతుంది. డాలరు 90 రూపాయలనుకుంటే 360 డాలర్లు. అది కట్టాక కూడా ఆమె దగ్గర నెలకు 540 మిగులుతుంది. అందుకే ఒప్పుకోమన్నాను. సాఫ్ట్‌వేర్ జీతంతో పోలిస్తే చిన్నదే, కానీ అప్పు మోయగలిగిన జీతం.

ఆ 540 ఎక్కడికి వెళ్లాలన్నది ముఖ్యం. అప్పు ముందే తీర్చేయాలన్న తొందర వద్దు. హెచ్‌1బిలో ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి చూసుకోవాలి, ఓపీటీలోనైతే ఖాళీగా ఉన్న రోజులన్నీ కలిపి 90 దాటకూడదు. కాబట్టి మూడు నెలల ఖర్చు, విమానం టికెట్, సామాను సర్దుకునే ఖర్చు కలిపి 8 వేల డాలర్లు మామూలు సేవింగ్స్ ఖాతాలో చేరేదాకా ఆ డబ్బు అక్కడికే పోవాలి. పదిహేను నెలలు పడుతుంది. 403-బిలో యూనివర్సిటీ ఇచ్చేంత వరకే వేయమనండి, అంతకు మించి వద్దు. అందులోనూ యూనివర్సిటీ వాటా ఎన్నేళ్లు పనిచేస్తే పూర్తిగా ఆమెదవుతుందో చూడాలి. మూడేళ్లని ఉంటే, ఏడాదికే వచ్చేసేవాళ్లకు ఆ వాటాలో ఏమీ దక్కకపోవచ్చు.

ఉద్యోగం ఎందుకు పోతుందని అడుగుతారేమో. అసిస్టెంట్ కోచ్‌కు సాధారణంగా ఏడాది కాంట్రాక్టే. హెడ్ కోచ్ మారితే కొత్తాయన తన మనిషిని తెచ్చుకుంటాడు, ఇందులో ఎవరి తప్పూ ఉండదు. ఇంకో పెద్ద కారణం అక్కడి కాలేజీ క్రీడల్లో డబ్బు దారి మారడం. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ‘హౌస్’ ఒప్పందంతో పెద్ద యూనివర్సిటీలు ఆటగాళ్లకు నేరుగా ఏడాదికి 2 కోట్ల డాలర్ల పైచిలుకు పంచొచ్చు. ఆ డబ్బు ఎక్కువగా ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ పిల్లలకే పోతుంది. టికెట్లు అమ్ముకోలేని టెన్నిస్ మీద కత్తెర పడుతోంది. టెక్సాస్‌లో యుటెప్ అని పిలిచే యూనివర్సిటీ 2025లో మహిళల టెన్నిస్ జట్టునే ఎత్తేసింది. అలాంటి చోట హెడ్ కోచ్ ఉద్యోగమే ఉండదు, అసిస్టెంట్ సంగతి చెప్పనక్కర్లేదు.

అయినా ఈ దారిలో మీ అమ్మాయికి ఒక బలముంది. 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టం ఆడపిల్లలకు చదువులోనూ ఆటలోనూ సమాన అవకాశం ఇవ్వాలంది. మొన్నటి దాకా అక్కడి కాలేజీ క్రీడల్లో పై స్థాయి అయిన డివిజన్ 1లో మహిళల టెన్నిస్ జట్టుకు ఎనిమిది పూర్తి స్కాలర్‌షిప్పులుంటే మగపిల్లల జట్టుకు నాలుగున్నరే ఉండేవి. హౌస్ ఒప్పందంలో చేరిన యూనివర్సిటీల్లో ఆ లెక్క పోయి, జట్టుకు పదిమంది అన్న పరిమితి వచ్చింది. ఆ జట్లలో సగానికి మించి విదేశీ పిల్లలే. మనవాళ్లూ తక్కువేం కాదు. సహజ యమలపల్లి టెక్సాస్‌లోని సామ్ హ్యూస్టన్ స్టేట్‌కు, అంతకుముందు సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీకి ఆడినవాళ్లే. ఏ దేశంలో ఏ పిల్ల బాగా ఆడుతోందో కనిపెట్టి, వాళ్ల అమ్మానాన్నలతో మాట్లాడి ఒప్పించడమే అసిస్టెంట్ కోచ్ అసలు పని. రాకెట్లు అల్లడం, వ్యాన్ నడపడం, హోటళ్లు బుక్ చేయడం, నిబంధనల కాగితాలు నింపడం కూడా ఆమె నెత్తినే పడతాయి. కోచింగ్‌ను బోధనగా లెక్కేస్తే ఓవర్‌టైమూ ఇవ్వరు. గంటల లెక్కన చూస్తే జీతం ఇంకా చిన్నగా కనిపిస్తుంది. కానీ మన జూనియర్ టోర్నమెంట్లు తెలిసి, గుంటూరులోనో హైదరాబాద్‌లోనో ఉన్న ఒక తండ్రితో తెలుగులో ధైర్యంగా మాట్లాడగల కోచ్ విలువ హెడ్ కోచ్‌లకు బాగా తెలుసు. రెండు మూడేళ్లు మంచి పిల్లల్ని తెచ్చిందంటే అసోసియేట్ హెడ్ కోచ్ మెట్టు అందుతుంది.

పక్క ఆదాయం గురించి హెచ్చరించాలి. టెన్నిస్ కోచ్‌లు ప్రైవేటు పాఠాలతో, వేసవి క్యాంపులతో బాగానే సంపాదిస్తారు. ఓపీటీలో ఆమె అది చేయొచ్చు, యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకు చెప్పి, లెక్కలు రాసుకుంటే చాలు. హెచ్‌1బి వచ్చిన రోజు నుంచి చేయకూడదు. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. చాలా చోట్ల వేసవి క్యాంపు యూనివర్సిటీది కాదు, హెడ్ కోచ్ సొంత కంపెనీది. కోర్టు అదే, పిల్లలు వాళ్లే, చెక్కు మాత్రం ఇంకొకరి పేరుతో వస్తుంది. హెచ్‌1బిలో ఆ చెక్కు తీసుకుంటే అనుమతి లేని పని చేసినట్టే. ఆ డబ్బును నమ్ముకుని కారు లోను పెట్టుకోవద్దనండి.

స్థలం విషయం. ఈఎంఐ కట్టే మనిషి ఉన్నప్పుడు ఆస్తి అమ్మి అప్పు తీర్చాల్సిన పనేముంది? మీకు ఐదేళ్లలో రిటైర్మెంట్. ఆ స్థలం మీ ఇద్దరి వృద్ధాప్యానికి. ఆమె వీసా కుదరక 2027లో తిరిగొస్తే అప్పుడు ఈఎంఐ మోయడానికి మీకో దన్ను కావాలి, అది ఆ స్థలమే. అప్పటిదాకా ముట్టుకోకండి.

ఈఎంఐ ఎవరు కట్టాలన్నదాంట్లో చిన్న లాభం ఉంది. ఇన్నాళ్లూ 80-ఈ అని పిలుచుకుంటున్న మినహాయింపు విద్యారుణం వడ్డీకి ఎనిమిదేళ్ల పాటు పరిమితి లేకుండా దొరుకుతుంది, కానీ పాత పన్ను విధానంలోనే. అమ్మాయికి ఇక్కడ ఆదాయం లేదు కాబట్టి ఆమెకది వృథా. మీరు పాత విధానంలో ఉంటే, మీ జీతంలోంచి మీరే ఈఎంఐ కట్టండి, ఆమె ఇంటి ఖర్చుకు డబ్బు పంపుతుంది. కూతురు పంపిన డబ్బు మీద మీకు పన్ను లేదు. కొత్త విధానంలో మీకు పన్నే పడకపోతే ఈ తిప్పలేం అక్కర్లేదు. బ్యాంకు ఖాతా నుంచి పంపే డబ్బుకు అమెరికాలో 2026 నుంచి వచ్చిన ఒక శాతం పన్ను కూడా వర్తించదు, అది నగదు, మనీ ఆర్డర్ లాంటివాటితో పంపేవాళ్లకే.

ఇక సిప్‌లు. మీకు ఇది కొత్తగా ఉంటుంది, ఓపిగ్గా వినండి. ఐదేళ్లు దాటాయి గనుక 2026 నుంచి ఆమె పన్ను లెక్కలో అమెరికా రెసిడెంటు. ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా అక్కడ చూపించాలి. మన మ్యూచువల్ ఫండ్లను అక్కడి చట్టం చాలా కఠినంగా చూస్తుంది. పన్ను ఎక్కువ, ఫారాలు అంతకన్నా ఎక్కువ. కట్టడం ఆపేయండి, కానీ కంగారుపడి అమ్మేయకండి. అమ్మే ముందు రెండు దేశాల పన్నులూ తెలిసిన అకౌంటెంటుకు ఫీజిచ్చి అడగండి. పీపీఎఫ్ ఉంటే గడువు దాకా నడుపుకోవచ్చు, దాని వడ్డీ మాత్రం అక్కడ పన్నుకు వస్తుంది. ఇక్కడి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10 వేల డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే వివరాల ఫారం వేయాలి. మీ ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో జాయింటుగా ఆమె పేరున్నా ఆ మొత్తమంతా లెక్కలోకి వస్తుంది. వేయకపోతే జరిమానాలు మామూలుగా ఉండవు. అవసరం లేని జాయింటు పేర్లు తీసేసి, ఆమెను నామినీగా పెట్టండి.

సంతకం పెట్టే ముందు ఆమె హెడ్ కోచ్‌ను, హెచ్‌ఆర్‌ను అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఈ యూనివర్సిటీ ఇంతకుముందు ఏ అసిస్టెంట్ కోచ్‌కైనా హెచ్‌1బి చేయించిందా? హెడ్ కోచ్ కాంట్రాక్టు ఇంకా ఎన్నేళ్లుంది? క్యాంపు డబ్బు ఎవరిస్తారు? ఉద్యోగులకు ఫీజు లేకుండా కోర్సులు చదువుకునే వీలుందా? మొదటిదానికి ‘చేయించలేదు, చూద్దాం’ అన్నారంటే ఉద్యోగం ఒప్పుకోవచ్చు గానీ, దాన్ని ఏడాది పనిగానే భావించి డిసెంబరు నుంచే వేరే యూనివర్సిటీలకు దరఖాస్తులు పెట్టుకోవాలి. ఇంకో మాట. ఈ అప్పుకు మీరు సహ రుణగ్రహీత. ఆమె పేరు మీద 25 లక్షల టర్మ్ పాలసీ ఉందా? లేకపోతే ముందు అది చూడండి. ఈ వయసులో ప్రీమియం పెద్ద భారమేమీ కాదు.