వాడిందని వెంటనే నీళ్లు పొయ్యకు బిడ్డా

బిడ్డా,

నువ్వు పంపిన ఫోటో చూశాను. రోజూ బకెట్ మోసుకెళ్లి పోస్తున్నా టమాటా మొక్క తల వాల్చేసిందని టెన్షన్ పడుతున్నావు. ఇవాళ మాత్రం నీళ్లు పొయ్యకు. ముందు కుండీ మట్టిలోకి వేలు రెండు కణుపుల లోతు దించి చూడు. తడి తగిలితే దానికి దాహం కాదు, ఊపిరాడటం లేదు.

వేర్లకూ గాలి కావాలి. మట్టిలో ఖాళీలన్నీ నీళ్లతో నిండిపోతే వాటికి ఆక్సిజన్ అందదు, నీళ్లు పీల్చే శక్తి పోతుంది. పోయినేడు నా వంగ మొక్క ఇలాగే అయితే కుండీ బోర్లించాను. తెల్లగా ఉండాల్సిన వేర్లు గోధుమ రంగుకు తిరిగాయి, పట్టుకుంటే పైపొర ఊడి చేతి వేళ్లకు అంటుకుంది, మురుగు వాసన. చూస్తే అడుగు రంధ్రం మట్టితో పూడిపోయి ఉంది. నీ కుండీ అడుగున కూడా ఒక పుల్లతో పొడిచి చూడు.

మట్టి పొడిగా ఉంటే సంగతి వేరు. మొక్కలో మోటారేమీ ఉండదు కదా. ఆకుల మీది సన్నని రంధ్రాల నుంచి ఆవిరి పోతుంటే, కింది నీళ్లు ఒకదాన్నొకటి పట్టుకుని చేదతాడులా పైకి సాగుతాయి. 1894లో డిక్సన్, జోలీ అనే ఐర్లండ్ శాస్త్రవేత్తలు చెప్పిన మాట ఇది. వేర్లు తాగిన నీళ్లలో చాలా భాగం ఇలా గాలిలోకే పోతుంది. హైదరాబాద్‌లో మే నెల మధ్యాహ్నం, కాలే స్లాబు మీద, ఆ లాగుడుకు వేర్లు అందించలేవు. అందుకే మూడింటికి వాడిన మొక్క రాత్రికి తేరుకుంటుంది. తెల్లవారి ఆరింటికి కూడా వాలి ఉంటేనే కంగారు పడు. నీడకు గ్రీన్ నెట్ కట్టు, నీళ్లు పొద్దున్నే పొయ్యి.

కాయ అడుగున నల్ల మచ్చ వస్తోందన్నావు. అది పురుగు కాదు, కాయకు కాల్షియం అందకపోవడం. నత్రజని తక్కువైతే మొక్క ముదురు ఆకుల నుంచి తీసి చిగుళ్లకు పంపుకుంటుంది, అందుకే ముందు కింది ఆకులు పండుతాయి. కాల్షియం అలా కాదు. నీళ్లతో పాటే పైకి వస్తుంది, ఆకులో ఒకసారి కుదురుకుంటే ఇక కదలదు. ఆవిరి ఎక్కువగా పోయేది ఆకుల నుంచే కాబట్టి కాయ వాటా ఎప్పుడూ తక్కువే. ఒకరోజు ఎండబెట్టి, మరునాడు ముంచేస్తే ఆ కాస్తా అందదు. నువ్వు వేసిన గుడ్డు పెంకులు కరగడానికి నెలలు పడుతుంది. ముందు నీళ్లు సమంగా పొయ్యి.

డీఏపీ ఎరువు గుప్పెళ్లతో వెయ్యకు. మామిడి ముక్కలకు ఉప్పు కలిపితే నీరు ఊరుతుంది చూడు, ఎరువు ఎక్కువైతే వేర్లలోని నీరూ అలాగే బయటికి వచ్చేస్తుంది.

ఇంకొక్కటి. మా జామ చెట్టుకు దండెం కోసం ఇనుప తీగ చుట్టి మర్చిపోయాను. అది బెరడును కోసుకుంటూ లోపలికి దిగింది. ఆకులు వండిన చక్కెర వేర్లకు దిగేది ఆ బెరడు లోపలి పొరలోంచే. తీగకు పైన కాండం గడ్డకట్టినట్టు ఉబ్బింది, కింద సన్నగానే ఉండిపోయింది. తిండి అందక వేర్లు చచ్చాయి, తర్వాత చెట్టూ పోయింది. మీ నిమ్మ మొక్కకు కట్టిన ప్లాస్టిక్ తాడు ఫోటోలో కనిపించింది. ఈ సాయంత్రమే విప్పెయ్యి.

మీ పెద్దమ్మ