ఇల్లూ వాకిలీ: పాఠకుల ప్రశ్నలకు ఇంజినీర్ల జవాబులు

ప్రశ్న: మాకు ఇందిరమ్మ ఇల్లు మంజూరైంది. జాగ నల్లరేగడి. పక్కింటికి కిటికీ మూలల నుంచి పగుళ్లు వచ్చినయి. ఎండాకాలం వెడల్పయితయి, వానలు పడితే మూసుకుంటయి. మా మేస్త్రి మూడు ఫీట్ల పునాది చాలంటున్నడు. నిజమేనా?
– ఒక పాఠకుడు, పరకాల

జవాబు: చాలదు. ఎండకు విచ్చుకొని వానకు మూసుకునే పగులు గోడది కాదు, నేలది. రేగడిలోని బంకమన్ను నీరు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ఇంటి నడిమధ్య నేలలో తేమ ఏడాదంతా దాదాపు ఒకేలా ఉంటుంది. అంచుల్లో మాత్రం మేలో బీటలు వారి, జూలైలో ఉబ్బుతుంది. మూలలు పైకీ కిందికీ కదులుతుంటే గోడ తన బలహీనమైన చోట, అంటే కిటికీ, తలుపు మూలల దగ్గర, ఏటవాలుగా చిట్లుతుంది. మూడడుగుల పునాది సరిగ్గా ఆ కదిలే పొరలోనే కూర్చుంటుంది.

ముగ్గు పోసే ముందే స్థలంలో ఎదురెదురు మూలల్లో రెండు గుంతలు తవ్వించి చూడండి. ఐదారు అడుగుల్లో గట్టి మొరం తగిలితే ఫుటింగు, అంటే పునాది అడుగు భాగం, దానిలోకి కనీసం అరడుగు దిగాలి. తవ్విన రేగడిని మళ్లీ పునాది చుట్టూ పూడ్చకండి. ఎక్కువ ఇళ్లు దెబ్బతినేది ఇక్కడే. ఆ మట్టి ఊరికే వస్తుంది, మొరం ట్రాక్టరుకు డబ్బు పెట్టాలి, అందుకని చాలామంది ఉన్నదే నెట్టేస్తారు. మొరం ఆరంగుళాల పొరలుగా పోసి, ప్రతి పొరనూ తడిపి దిమ్మిసతో కొట్టించండి. గదుల లోపల కూడా పైనున్న రేగడిని ఒకటిన్నర, రెండడుగుల మందాన తీసేసి మొరం నింపాలి. లేకపోతే రెండో వానాకాలానికే బండలు లేస్తాయి. గోడలన్నిటి కింద ఎక్కడా తెగకుండా ప్లింత్ బీము, అంటే పునాది పైన గోడలను కలిపి పట్టే కాంక్రీటు పట్టీ, పోయాలి. చిన్న ఇంటికి సాధారణంగా 9 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు, నాలుగు 12 ఎంఎం సలాకలు, ఆరంగుళాలకో 8 ఎంఎం రింగు సరిపోతాయి. మీ ఇంజినీరు నేల చూసి మార్చవచ్చు.

ఆరడుగులు తవ్వినా మొరం తగలకపోతే అండర్ రీమ్డ్ పైల్స్ మేలు. 10 నుంచి 12 అంగుళాల వ్యాసంతో, 11 అడుగులకు పైగా లోతున్న బొరియ తవ్వి, అడుగున దాన్ని రెండున్నర రెట్లు వెడల్పు చేసి కాంక్రీటు పోస్తారు. పైన బీము నేలకు ఆనకూడదు. కింద మూడంగుళాల ఖాళీ ఉంటే మట్టి ఉబ్బినా బీమును ఎత్తదు.

ఇల్లు లేచాక నీటిని దూరం పెట్టడమే అసలు కాపలా. చుట్టూ నాలుగడుగుల గచ్చు, బయటికి వాలుగా వేయండి. స్నానాల నీళ్ల మోరీ గోడ పక్కనే ఇంకకూడదు. వేప, రావి, నీలగిరి ఎంత ఎత్తు పెరుగుతాయో గోడకు కనీసం అంత దూరంలో ఉండాలి. బేస్‌మెంట్ ఎత్తు చుట్టూ ఉన్న నేలకంటే కనీసం ఒకటిన్నర అడుగు ఉండాలి, సీసీ రోడ్డు మళ్లీ పోస్తే వాకిలి పల్లమవుతుంది కాబట్టి ఇంకో అడుగు పెంచుకోండి. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన కురిసింది. అలాంటి వాన మన దగ్గర పడదులే అనుకోవడానికి ఇక వీల్లేదు.

పథకంలో వచ్చేది 5 లక్షలు, కట్టాల్సింది 400 నుంచి 600 చదరపు అడుగుల లోపు. 600 అడుగులు బలహీనంగా కట్టేకంటే 420 అడుగులు గట్టిగా కట్టండి. గ్రానైటు, ముందు ఆర్చీ తర్వాతైనా వస్తాయి, పునాది తర్వాత రాదు.

ప్రశ్న: నలుగురం ఉంటాం. కిరాయి గది చూసేటప్పుడు ఏమేం కొలవాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: టేపు తీసుకెళ్లండి. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం నివాస గది కనీసం 9.5 చదరపు మీటర్లు, అంటే సుమారు 102 చదరపు అడుగులు ఉండాలి. వెడల్పు 8 అడుగులు, ఎత్తు 9 అడుగులకు తగ్గకూడదు. అది కనీస కొలతే, నలుగురికి రెండు గదులు కావాలి. కిటికీలు ఎదురెదురు గోడలకు ఉన్నాయా, వంటగది పొగ పోయే దారి ఉందా చూడండి. గోడ అడుగున తెల్లటి ఉప్పు పేరుకుంటే చెమ్మ ఎక్కుతోందని అర్థం, రంగు వేసినా ఆగదు. నివాస హక్కు అంటే తగినంత చోటు, వెలుతురు, శుభ్రమైన గాలి, నీళ్లు, మరుగుదొడ్డి అన్నీ కలిపేనని చమేలీ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వీటి గురించి అడగడానికి మొహమాటపడకండి.

ప్రశ్న: మాది సిమెంటు రేకుల ఇల్లు. మే నెలలో మధ్యాహ్నం లోపల కూర్చోలేం. తక్కువ ఖర్చులో ఏదైనా దారి ఉందా?
– ఒక పాఠకుడు, గోదావరిఖని

జవాబు: ఎండను తిప్పికొట్టే తెల్ల రంగు పూత, అంటే కూల్ రూఫ్ కోటింగ్. ఫిబ్రవరిలోనే రేకులను తడిపి మెత్తని బ్రష్‌తో కడగండి. పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, పొడిగా గీకితే ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. పూర్తిగా ఆరాక ఒక పూత నిలువుగా, అది ఆరాక రెండోది అడ్డంగా వేయండి. సున్నమైతే చవక, కానీ మొదటి గట్టి వానకే చాలావరకు కొట్టుకుపోతుంది. ఇనుప రేకుల మీద అసలు నిలవదు. మీ దగ్గర బొగ్గు దుమ్ము పడితే తెలుపు మాసి పని తగ్గిపోతుంది, అందుకని ఏటా వేసవికి ముందు కడగాలి. రేకుల కింద అడుగు ఖాళీ వదిలి తడకతో కప్పు కట్టి, రెండు చివరలా వేడిగాలి పోయే సందులు వదలండి. సందులు లేని కప్పు వేడిని అక్కడే పట్టి ఉంచుతుంది. థర్మాకోల్ మాత్రం వద్దు, పొయ్యి ఉన్న ఇంట్లో అది నిప్పుకు సిద్ధంగా ఉన్నట్టే.

తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. చిన్న ఇళ్లకు అది తప్పనిసరి కాదు, కానీ అందరికంటే ఎక్కువ అవసరం రేకుల ఇళ్లకే.

ప్రశ్న: మరుగుదొడ్డికి పది ఫీట్ల లోతు గుంత ఒకటే తీయమంటున్నరు. చేదబావి 25 ఫీట్ల దూరంల ఉంది.
– ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: రెండూ తప్పే. బావికీ గుంతకూ కనీసం 33 అడుగులు ఉండాలి. కింద పగుళ్ల రాయి ఉంటే మురుగు ఇంకా దూరం పారుతుంది, కాబట్టి 50 అడుగులు దాటనివ్వండి. లోతైన గుంత భూగర్భ జలానికి దగ్గరవుతుంది, అడుగుకూ నీటి మట్టానికీ మధ్య ఆరేడు అడుగుల మట్టి ఉండాలి.

ఐదారుగురి ఇంటికి మూడున్నర అడుగుల వ్యాసం, నాలుగడుగుల లోతున్న గుంతలు రెండు, మధ్య నాలుగడుగుల దూరంతో తీయండి. గోడ ఇటుకల మధ్య సందులతో జాలీగా కట్టాలి, అడుగున సిమెంటు వేయకూడదు. రేగడి నేలైతే గోడ వెలుపల అడుగు మందాన ఇసుక, కంకర నింపండి, లేకపోతే నీరు ఇంకదు. స్నానం నీళ్లు ఇందులోకి వదలొద్దు. మరుగుదొడ్డి పైపును రెండు గుంతలకు చీల్చే వై ఆకారపు చాంబర్‌లో ఒక దారి మూసి ఒక్క గుంతనే వాడాలి. అది నిండాక దారి మార్చి, మొదటిదాన్ని రెండేళ్లు కదపకుండా వదిలితే లోపలిది వాసన లేని ఎరువవుతుంది. 2017 ఫిబ్రవరిలో మీకు దగ్గర్లోని గంగదేవిపల్లిలో కేంద్ర పారిశుధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయంగా అలాంటి గుంతలోకి దిగి ఎరువు తీసి చూపించారు. దారి మార్చిన తేదీని మూత మీద చెక్కి పెట్టండి, గడువుకు ముందే తెరిస్తే రోగక్రిములు ఇంకా బతికే ఉంటాయి.