పెదవి ముందు, మాట వెనుక

పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ఇంట్లో సినిమా చూడడానికి వైర్‌లెస్ హైఫై స్పీకర్లు

ప్రశ్న: సంగీతం వినడం కోసం ఒక జత వైర్‌లెస్ హైఫై స్పీకర్లు కొన్నాను. పాటలు ఎంతో బాగా వినిపిస్తున్నాయి. అవే స్పీకర్లను బ్లూటూత్ ద్వారా టీవీకి కలిపితే మాత్రం నటుల పెదవులు కదిలిన తర్వాత మాట వినిపిస్తోంది. ఫోన్‌లో వీడియో పెట్టి అవే స్పీకర్లలో వింటే ఈ తేడా కనిపించడం లేదు. లోపం స్పీకర్లదా, టీవీదా?

జవాబు: రెండింటిలోనూ లోపం లేదు, బ్లూటూత్ పనిచేసే తీరే అది. టీవీ పంపే ధ్వనిని ముందు కుదించాలి, ప్యాకెట్లుగా విడగొట్టి గాలిలోకి వదలాలి, దారిలో పోయిన ప్యాకెట్‌ను మళ్లీ పంపాలి. అంతవరకూ పాట తెగకుండా ఉండడానికి స్పీకర్ కొంత ధ్వనిని ఎప్పుడూ నిల్వ ఉంచుకుని అందులోంచి వాయిస్తూ ఉండాలి. పాట నిరాటంకంగా సాగడానికీ, మాట వెనకబడడానికీ కారణం ఆ నిల్వే. బ్లూటూత్‌లో సంగీతం పంపే ప్రతి పరికరంలోనూ ఉండే, ధ్వనిని కుదించి విప్పే ఎస్‌బీసీ కోడెక్‌తో ఈ ఆలస్యం సాధారణంగా 150 నుంచి 250 మిల్లీసెకన్ల వరకూ ఉంటుంది. పాట పావు సెకను ఆలస్యంగా మొదలైతే ఎవరూ గమనించరు, ఎందుకంటే దాన్ని పోల్చి చూడడానికి ఎదురుగా మరొకటి లేదు. సినిమాలో ఆ పోలిక తెర మీదే ఉంటుంది.

ఎంత ఆలస్యాన్ని మనం పట్టుకోగలం అన్నదానికి ఒక ప్రామాణికమైన లెక్క ఉంది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1998లో వెలువరించిన సిఫారసు ప్రకారం, ధ్వని బొమ్మకంటే 45 మిల్లీసెకన్లు ముందుగా వచ్చినా, 125 మిల్లీసెకన్లు వెనకగా వచ్చినా ప్రేక్షకులు గుర్తించడం మొదలుపెడతారు. ఈ రెండు హద్దులూ సమానంగా లేకపోవడంలో వింత లేదు. దూరాన గొడ్డలితో కట్టె కొడుతుంటే దెబ్బ ముందు కనిపించి, చప్పుడు తర్వాత వినిపించడం మనం పుట్టినప్పటినుంచీ ఎరిగినదే. చప్పుడు ముందు రావడం మాత్రం ప్రకృతిలో ఎక్కడా లేదు. మీ స్పీకర్లలో ఆలస్యం 125 దాటినందువల్లనే కంటికి చెవికి పొత్తు కుదరడం లేదు.

ఫోన్‌లో బాగుండడానికి కారణం వేరు. బొమ్మా ధ్వనీ ఒకే ఫోన్ చేతిలో ఉంటాయి కాబట్టి, స్పీకర్ ఎంత ఆలస్యం చేస్తుందో తెలుసుకుని అది బొమ్మను అంతసేపు ఆపి ఉంచుతుంది. టీవీకి సెట్‌టాప్ బాక్స్ నుంచో డిస్క్ ప్లేయర్ నుంచో బొమ్మ వస్తుంటే, చాలా టీవీలు ఆ పని చేయవు. పైగా టీవీ మెనూలో కనిపించే ‘ఆడియో డిలే’ అనే సదుపాయం ధ్వనిని ఇంకా వెనక్కి నెట్టగలదే తప్ప ముందుకు లాగలేదు. మీకు కావలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం. కనుక ముందు ఆ అంకె సున్నా మీద ఉందో లేదో చూడండి. గేమ్ మోడ్ పెట్టి ఉంటే తీసేయండి, ఎందుకంటే అది బొమ్మను త్వరగా తెర మీదికి తెచ్చి మాటను మరింత వెనకబెడుతుంది. బొమ్మకు మెరుగులు దిద్దే సదుపాయాలను నేను సాధారణంగా ఆపేయమంటాను, కానీ ఈ ఒక్క చోట అవి చేసే జాప్యం మీకు కలిసివస్తుంది.

ఆలస్యం ఎంతో కచ్చితంగా తెలుసుకోవాలంటే ఎవరైనా చప్పట్లు కొట్టే దృశ్యాన్ని టీవీలో పెట్టి, ఫోన్‌ను స్పీకర్‌కు దగ్గరగా పట్టుకుని, తెర కనిపించేలా సెకనుకు 240 ఫ్రేముల స్లోమోషన్‌లో చిత్రీకరించండి. ఎడిటింగ్ యాప్‌లో ఆ వీడియోను తెరిచి, అరచేతులు కలిసిన ఫ్రేము నుంచి ధ్వనిని చూపే గీత చప్పుడుతో పైకి లేచిన ఫ్రేము దాకా లెక్కపెట్టండి. ఒక్కో ఫ్రేము సుమారు 4 మిల్లీసెకన్లు. లెక్క 40 ఫ్రేములు వస్తే ఆలస్యం 167 మిల్లీసెకన్లన్నమాట. తీగ వేయడమా, బ్లూటూత్‌తోనే సర్దుకోవడమా అన్నది ఆ అంకె చూసి తేల్చుకోవచ్చు. నా సలహా అడిగితే మాత్రం, టీవీకీ స్పీకర్‌కూ మధ్య ఒక్క తీగ వేయండి.

ప్రశ్న: నా స్పీకర్లలో ఒకదాని వెనుక హెచ్‌డీఎంఐ, ఆప్టికల్ సాకెట్లు రెండూ ఉన్నాయి. టీవీకి దేనితో కలపాలి? రెండో స్పీకర్ వైర్‌లెస్‌గానే ఉంటుంది కదా, అప్పుడు అది మొదటిదానికంటే వెనకబడదా?

జవాబు: హెచ్‌డీఎంఐతో కలపండి. అయితే టీవీకి ఉన్న హెచ్‌డీఎంఐ సాకెట్లన్నీ ధ్వనిని బయటికి పంపలేవు. పక్కన ‘ఆర్క్’ అనో ‘ఈ-ఆర్క్’ అనో ముద్రించి ఉన్న సాకెట్‌నే వాడాలి. ఆర్క్ 2009లో హెచ్‌డీఎంఐ 1.4తోనూ, ఈ-ఆర్క్ 2017లో హెచ్‌డీఎంఐ 2.1తోనూ వచ్చాయి. ఈ-ఆర్క్‌లో బొమ్మకూ మాటకూ పొత్తు కుదిర్చే ఏర్పాటు తప్పనిసరిగా ఉంటుంది, కుదింపు లేని బహుళ ఛానెళ్ల ధ్వని కూడా అందులో వెళ్తుంది. రెండే స్పీకర్లున్నవారు మాత్రం కేవలం ఈ-ఆర్క్ కోసం టీవీ మార్చనక్కరలేదు. ఎన్ని ఛానెళ్లు వచ్చినా చివరికి అవి రెండుగా కుదించుకుపోవలసినవే.

ఆప్టికల్ తీగ 1983లో తొషీబా సంస్థ తెచ్చిన పాత మార్గమే అయినా, రెండు ఛానెళ్లకు ఇప్పటికీ చక్కగా పనికివస్తుంది. కాకపోతే టీవీ రిమోట్‌తో స్పీకర్ వాల్యూమ్ మార్చడం దానితో సాధారణంగా కుదరదు. ఇంకొక ఇబ్బంది ఏమిటంటే, టీవీ డాల్బీ డిజిటల్ అనే కుదించిన ధ్వనిని పంపుతుంటే దాన్ని విప్పలేని స్టీరియో స్పీకర్ మౌనంగా ఉండిపోతుంది, లేదా గరగరమంటుంది. స్పీకర్ చెడిపోయిందని కంగారుపడకుండా టీవీ మెనూలో డిజిటల్ ధ్వనిని కుదింపు లేని ‘పీసీఎం’కు మార్చండి.

రెండో స్పీకర్ గురించి భయం వద్దు. జతగా తయారైన స్పీకర్లలో మొదటిది తన ధ్వనిని కూడా ఆపి, రెండోదానికి అందేదాకా ఉండి, ఇద్దరూ ఒకే గొంతుతో పలికేలా చూస్తుంది. అయితే కొన్ని యాక్టివ్ (లోపలే ఆంప్లిఫయర్ ఉన్న) స్పీకర్లు బేస్‌ను సరిదిద్దే లెక్కల కోసం తీగతో కలిపినప్పుడు కూడా కొంత ఆలస్యం చేస్తాయి. అలాంటివాటి సెట్టింగుల్లో సినిమాల కోసం తక్కువ ఆలస్యపు మోడ్ ఒకటి ఉండవచ్చు. దాన్ని ఎంచుకుంటే సంగీతంలోని ఆ సవరణ కొంత తగ్గుతుంది. సినిమా చూస్తున్నంతసేపూ ఆ లోటు తెలియదు.

ప్రశ్న: తీగతోనే కలిపాను, మాట వెనకబడడం లేదు. కానీ సంభాషణలు సన్నగా, నేపథ్య సంగీతం పెద్దగా వినిపిస్తున్నాయి. మధ్యలో పెట్టే సెంటర్ స్పీకర్ లేకపోవడమే కారణమా?

జవాబు: కొంతవరకు అదే. 5.1 ఛానెళ్ల (ఐదు స్పీకర్లకూ, లోతైన బేస్ పలికే ఒక సబ్‌వూఫర్‌కూ విడివిడిగా పంచిన) ధ్వనిలో సంభాషణ చాలావరకు మధ్య ఛానెల్లో ఉంటుంది. రెండు స్పీకర్లకు కుదించేటప్పుడు దాన్ని సాధారణంగా 3 డెసిబెళ్లు తగ్గించి కుడి, ఎడమలకు సమానంగా పంచుతారు. అప్పటికే అక్కడ సంగీతం, పోరాటాల హోరు ఉండనే ఉన్నాయి. మరొక సూక్ష్మమైన కారణం ఉంది. ఒకే మాట రెండు స్పీకర్ల నుంచి వచ్చినప్పుడు ప్రతి చెవికీ అది రెండుసార్లు, క్షణంలో అతి స్వల్పభాగం తేడాతో చేరుతుంది. దానివల్ల 2 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో ఒక పల్లం ఏర్పడుతుంది, అంటే ఆ స్వరాలు సన్నబడతాయి. హల్లుల స్పష్టతకు ఆ ప్రాంతం చాలా ముఖ్యమైనది.

సెంటర్ స్పీకర్ కొనడానికి ముందు మూడు పనులు చేసి చూడండి. సినిమా చూసే యాప్‌లో గాని, డిస్క్‌లో గాని స్టీరియో ట్రాక్ ఉంటే దాన్నే ఎంచుకోండి, ఎందుకంటే దానిలో సమతూకాన్ని మనిషి చెవితో విని కుదిర్చి ఉండవచ్చు. ‘నైట్ మోడ్’ ఉంటే వాడండి. అది పెద్ద శబ్దాలను అణచి చిన్నవాటిని పైకి తెస్తుంది. ఇక స్పీకర్లను, మీ కుర్చీని సమబాహు త్రిభుజంలా అమర్చి, స్పీకర్ల ముఖాలను మీ వైపు కొద్దిగా తిప్పండి. టీవీకి రెండు పక్కలా గోడకు ఆనించి, షెల్ఫ్ అరల్లోకి తోసి ఉంచిన ఎంత మంచి స్పీకరైనా మాటను మింగేస్తుంది.

ఒక్కరే, లేదా ఇద్దరే చూసే ఇంట్లో ఇది చాలు. సోఫా నిండా జనం కూర్చునే ఇంట్లో చాలదు. పక్కన కూర్చున్నవారికి దగ్గరి స్పీకర్ ధ్వని ముందు చేరుతుంది కాబట్టి, నటుడు తెర మధ్యలో ఉన్నా గొంతు ఆ మూల నుంచి వస్తున్నట్లే ఉంటుంది. థియేటర్లలో చిల్లులున్న తెర వెనుక నడుమ ప్రత్యేకంగా స్పీకర్ పెట్టేది ఈ కారణంచేతనే. మీది రెండో రకం ఇల్లయితే సెంటర్ స్పీకర్ కొనుక్కోండి.

ప్రశ్న: ముందున్నవి ఒక కంపెనీవి. వెనుక సరౌండ్ కోసం మరో కంపెనీ బ్లూటూత్ స్పీకర్లు కలపవచ్చా?

జవాబు: వద్దు. సంగీతం పంపే బ్లూటూత్ పద్ధతిలో వెళ్లేవి రెండు ఛానెళ్లే. వెనుక స్పీకర్లకు వాటి సొంత ధ్వని అందదు, ముందు వినిపించిందే ఆలస్యంగా మళ్లీ వినిపించి ప్రతిధ్వనిలా ఉంటుంది. ఒకే సంస్థ ఒకే వ్యవస్థగా అమ్మేవి గాని, ‘వైసా’ అనే వైర్‌లెస్ స్పీకర్ల ప్రమాణం పాటించేవి గాని తీసుకోండి. వైసా 5 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో కుదింపు లేని 24 బిట్ల ధ్వనిని 8 ఛానెళ్ల దాకా, సుమారు 5 మిల్లీసెకన్ల ఆలస్యంతో పంపగలదు. అమరిక విషయానికొస్తే, సరౌండ్ స్పీకర్ల స్థానం తెర వైపు చూస్తున్న మీకు పక్కల నుంచి కాస్త వెనక్కి, అంటే 100 నుంచి 120 డిగ్రీల కోణంలో. వైర్‌లెస్ అన్న మాట నమ్మి ప్లగ్ పాయింట్ సంగతి మరిచిపోకండి, ఆ మూలల్లో కూడా కరెంటు కావాలి.

ప్రశ్న: వైర్‌లెస్ సబ్‌వూఫర్ కొత్తగా కలిపాక బేస్ పెరగడానికి బదులు తగ్గినట్టుంది. ఇది సాధ్యమేనా?

జవాబు: సాధ్యమే, మీ చెవులు మిమ్మల్ని మోసం చేయడం లేదు. మామూలుగా 80 హెర్ట్జ్ దగ్గర పని సబ్‌వూఫర్‌కూ స్పీకర్లకూ మధ్య చేతులు మారుతుంది, అంతకన్నా లోతైన స్వరాలు సబ్‌వూఫర్‌వి. ఆ స్వరంలో ఒక అల పూర్తి కావడానికి 12.5 మిల్లీసెకన్లు పడుతుంది. వైర్‌లెస్ ప్రయాణంలో సబ్‌వూఫర్ 6 మిల్లీసెకన్లు వెనకబడిందంటే, స్పీకర్ గాలిని ముందుకు నెట్టే క్షణంలో అది వెనక్కి లాగుతూ ఉంటుంది, రెండూ కొట్టుకుపోతాయి. ముందుగా సబ్‌వూఫర్ వెనుక ఉండే ఫేజ్ మీటను 180కి మార్చి వినండి. మీకు స్పీకర్లన్నిటికీ ధ్వనిని పంచే రిసీవర్ ఉంటే అందులో సబ్‌వూఫర్ దూరాన్ని అసలుకన్నా ఎక్కువ చేసి చూపండి. అప్పుడు రిసీవర్ మిగతా స్పీకర్లను ఆపి ఉంచి దానికి వ్యవధి ఇస్తుంది. ఒక మీటరు పెంచితే సుమారు 3 మిల్లీసెకన్లు సర్దుబాటవుతుంది కాబట్టి, మీటరు చొప్పున పెంచుకుంటూ, బేస్ గిటార్ ఆగకుండా మోగే పాట ఒకటి పెట్టుకుని, ఎక్కడ ఆ నాదం నిండుగా వినిపిస్తుందో అక్కడ ఆపేయండి.