బ్రేక్ క్యాలిపర్ బోల్టు బిగుసుకుపోతే ఎలా తీయాలి?

ఇంట్లో కారు బ్రేక్ ప్యాడ్లు మారుస్తుంటే క్యాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం) బోల్టు కదలడం లేదని అడిగారు. ముందుగా, తిప్పే దిశ సరిచూసుకోండి. ఆ బోల్టు తల సాధారణంగా చక్రం లోపలి వైపు ఉంటుంది. బయట నుంచి చూస్తూ తిప్పితే విప్పుతున్నామనుకుని ఇంకా బిగించేస్తాం. తలకు ఎదురుగా ఉన్నట్టు ఊహించుకుని ఎడమకు తిప్పాలి.

తుప్పును వైరు బ్రష్‌తో గీకి, మర మొదలయ్యే చోట పెనెట్రేటింగ్ ఆయిల్ (తుప్పు సందుల్లోకి ఇంకే నూనె) కొట్టి రాత్రంతా వదిలేయండి. తొందరపడితే తల అరిగిపోతుంది, అప్పుడు పని పదింతలవుతుంది. ఆరు మూలల సాకెట్టే వాడండి, పన్నెండు మూలలది జారే అవకాశం ఎక్కువ. పొడవాటి బార్ తగిలించి, ముందు కాస్త బిగించే వైపు నొక్కి, తర్వాత విప్పే వైపు లాగండి. ఇంత బలంగా లాగేటప్పుడు కారు జాకీ మీద మాత్రమే ఉండకూడదు, స్టాండు తప్పనిసరి.

టార్చ్‌తో వేడి చేయమని కొందరంటారు. ఇంట్లో మాత్రం వద్దనే చెబుతాను. పక్కనే క్యాలిపర్ రబ్బరు తొడుగులు, బ్రేక్ ఆయిల్ వెళ్లే హోస్ గొట్టం ఉంటాయి. పైగా క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ తడికి మంట తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టవచ్చు.

ఆయిల్ డిస్క్‌కు అంటితే క్లీనర్‌తో తుడవండి. ప్యాడ్‌కు అంటితే ప్యాడ్ మార్చేయాల్సిందే. తుప్పు తిన్న బోల్టు మళ్లీ వేయకండి, కొత్తదాన్ని మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కు (ఎంత బలంతో బిగించాలో చెప్పే కొలతకు) బిగించండి.