కొత్తగా లాక్టోబాసిల్లస్ పెంచబోతున్న నీకు

తల్లీ,

నీ ప్రాజెక్టు ఖాయమైందని నిన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. యోనిలో ఉండి ఆడవాళ్ళని ఇన్ఫెక్షన్ల నుంచి కాపాడే లాక్టోబాసిల్లస్ బాక్టీరియా మీద పని అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది, నా పీహెచ్‌డీ అంతా వాటితోనే గడిచింది మరి. ఏ స్ట్రెయిన్, అంటే అందులో ఏ రకం, తెచ్చుకోవాలో నీకు అందరూ చెప్తారు. పెంచడం దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఎంఆర్ఎస్‌లో వేసి 37 డిగ్రీల దగ్గర పెట్టు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నేను ఆ ముక్క గురించే రాస్తున్నా.

ఒకే తోడు వేసినా ఎండాకాలం పెరుగు, చలికాలం పెరుగు ఒకలా ఉండవు కదా. ఇదీ అంతే. ఎంఆర్ఎస్ అంటే 1960లో డి మాన్, రొగోసా, షార్ప్ అనే ముగ్గురు తయారుచేసిన మీడియం, అంటే బాక్టీరియాని పెంచే ఆహారం. లీటరుకు 20 గ్రాముల గ్లూకోజ్, ట్వీన్ 80 అనే సబ్బులాంటి పదార్థం, మాంగనీస్, ఈస్ట్ సారం, అన్నీ వేస్తారు, బాక్టీరియాకి అది పెళ్ళి భోజనం. యోనిలో దానికి దొరికేది గ్లైకోజన్ అనే పిండిపదార్థం విరిగితే వచ్చే చక్కెరలు. అక్కడ ఆక్సిజన్ బాగా తక్కువ, ఆరోగ్యంగా ఉన్నప్పుడు పీహెచ్ సాధారణంగా 4.5 లోపే. తిండి మారితే దాని పైపొర మారుతుంది, కణాలకు అతుక్కునే గుణమూ మారుతుంది. కొన్నయితే అసలు పెరగవు. లాక్టోబాసిల్లస్ ఐనెర్స్ ఎంతోమంది ఆడవాళ్ళలో ఉండేదే, కానీ మామూలు ఎంఆర్ఎస్ ప్లేట్ మీద రాదు, రక్తం కలిపిన అగార్, అంటే జెల్లీలా గట్టిపడ్డ మీడియం, కావాలి. డోడర్లీన్ 1892లోనే యోనిలోని ఈ రకం బాక్టీరియా గురించి రాసినా ఐనెర్స్‌కి పేరు పెట్టింది 1999లో!

ఇప్పుడు నా తప్పు చెప్తా, నువ్వు చేయకూడదని. టీఎంబీ అగార్ అని, హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని నీలం రంగుతో పట్టిచ్చేది ఒకటి ఉంటుంది, నువ్వూ చేస్తావు. ప్లేట్‌ని గాలి లేని జార్‌లోంచి తీసి మూత తెరిచి బెంచి మీద పెడితే, చూస్తుండగానే తెల్లటి కాలనీలు (బాక్టీరియా గుంపులు) అంచుల నుంచి నీలం తిరుగుతాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్ చేస్తున్నాయన్నమాట. ఆ నీలం చూసి పొంగిపోయి, శరీరంలో చెడ్డ క్రిముల్ని చంపేది ఇదేనని రిపోర్టులో రాసేశాను. గాలి తగిలాకే నీలం వచ్చిందన్న సంగతి నా కళ్ళ ముందే ఉంది, శరీరం లోపల అంత గాలి ఎక్కడిదని నేను ఆలోచించలేదు. 2011లో జాన్స్ హాప్‌కిన్స్‌లో రిచర్డ్ కోన్ బృందం పరీక్షించి చూస్తే, యోని ద్రవంలో పెరాక్సైడ్ ఆ క్రిముల్ని అణచలేకపోయింది, లాక్టిక్ ఆమ్లం అణచింది. ఆ ఆమ్లమైనా పీహెచ్ తక్కువుంటేనే పనిచేస్తుంది, 7 దగ్గర దాదాపు పనికిరాదు. అందుకని నువ్వు బాక్టీరియాని పెంచిన ద్రవం ఏ క్రిమినైనా ఆపిందని సంబరపడే ముందు, బాక్టీరియా వేయని ఎంఆర్ఎస్‌ని లాక్టిక్ ఆమ్లంతో అదే పీహెచ్‌కి తెచ్చి పక్కన పెట్టు. అదీ ఆపితే, ఆపింది ఆమ్లమే అనుకో, కొత్త పదార్థం ఏదో దొరికిందని రాయకు.

18 గంటలు పెంచిన కల్చర్ (పెంచిన బాక్టీరియా), 48 గంటలు పెంచిన కల్చర్ ఒకటి కాదు. పెరుగుదల ఆగే దశకు చేరినవి మామూలుగా ఎండబెట్టడాన్ని బాగా తట్టుకుంటాయి, జోరుగా పెరుగుతున్నవి త్వరగా చచ్చిపోతాయి. వాటిని ఎండబెట్టి క్యాప్సూల్ చేసే ఉద్దేశం ఉంటే ఇది మొదట్నుంచీ చూసుకోవాలి. గ్లిసరాల్ కలిపిన బాక్టీరియా నిల్వని మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో ముందే దాచుకో, ఒకే కల్చర్‌ని నెలల తరబడి మార్చి మార్చి వేస్తూ పోతే చివరికి నీ దగ్గర మిగిలేది మొదట తెచ్చుకున్నది కాకపోవచ్చు.

ఇంకోటి. నీ పని తెలియగానే మన ఇళ్ళలో ఆడవాళ్ళు నిన్ను పక్కకి పిలిచి, పెరుగు రాసుకుంటే తగ్గుతుందా అని అడుగుతారు. సిగ్గుపడకుండా చెప్పు, పెరుగులో ఉండేవి వేరే బాక్టీరియా, అక్కడ నిలబడవు. దురద, వాసన, మంట ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్ళమను, అవసరమైతే తోడు వెళ్ళు. మా తరంలో ఎంతమంది నోరు మెదపక బాధపడ్డారో నాకు తెలుసు.

మొదటి ప్లేట్ రాగానే ఫొటో పంపు. ఏ మీడియం, ఎన్ని గంటలు, జార్ లోపలా బయటా, మొదట్లో పీహెచ్ ఎంత, చివర్లో ఎంత, అవన్నీ మూత మీద కాదు, ప్లేట్ అడుగున రాయి. మూతలు మారిపోతాయి.

నీ పిన్ని